ఊహల ఇంజనీరింగు – ఉత్తుత్తి చదువేనా?

అమెరికా యూనివర్సిటీల్లో ఇండస్ట్రియల్ ఇంజనీరింగు చదివేవాళ్ళని మిగతా బ్రాంచీలవాళ్ళు ఏడిపించే పాత జోకు ఒకటుంది. ఐఈ అంటే ఇండస్ట్రియల్ ఇంజనీరింగు కాదట, ఇమాజినరీ ఇంజనీరింగట. మెకానికల్ వాడికి చూపించుకోడానికి ఒక ఇంజను ఉంటుంది, సివిల్ వాడికి వంతెన ఉంటుంది, ఎలక్ట్రికల్ వాడికి కనీసం షాక్ కొట్టే తీగైనా ఉంటుంది. ఐఈ వాడికేముంది? ఒక స్టాప్‌వాచీ, ఒక ఎక్సెల్ షీటూ, బోలెడన్ని బాణం గుర్తులూ. ఇహ మన ఇళ్ళల్లో ఆ జోకు కూడా అక్కర్లేదు. "ఇండస్ట్రియల్ అంటే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పనా నాయనా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. మనం వివరించడం మొదలుపెట్టిన రెండో నిమిషానికి "పోన్లే, చివరికి సాఫ్ట్‌వేరేగా!" అని వాళ్ళే మనల్ని కాపాడేస్తారు.

నిజమే, చివరికి సాఫ్ట్‌వేరే. దాపరికం ఎందుకు, మన తెలుగు మెకానికల్ కుర్రాళ్ళలో చాలామంది ఈ ఎమ్మెస్‌లో చేరింది ఇండస్ట్రీ మీద ప్రేమతో కాదు. బీటెక్‌లో మెకానికల్ చేసినవాడికి నేరుగా కంప్యూటర్ సైన్సులో సీటు దొరకడం కష్టం. ప్రీ-రిక్విజిట్ కోర్సులంటారు, అవంటారు, ఇవంటారు. ఐఈలో ఆ గొడవ తక్కువ. వెళ్ళామా, రెండేళ్ళు చదివామా, ఆఖరి సెమిస్టరులో ఎవరో ఒక కన్సల్టెన్సీ వాళ్ళ దగ్గర టెస్టింగో, ఎస్సేపీయో, డేటా వేర్‌హౌసింగో నేర్చుకున్నామా, ఉద్యోగంలో పడ్డామా. అంతే. 2008లో స్టెమ్ చదువులకి ఓపీటీ మీద 17 నెలల పొడిగింపు ఇచ్చారు, 2016లో దాన్ని 24 నెలలు చేశారు. మొదటి ఏడాదితో కలిపితే మూడేళ్ళు. ఐఈ కూడా ఆ జాబితాలో ఉన్నదే కాబట్టి వీసా లెక్క కూడా సరిపోయింది. ఒమాహాలోనో డాలస్‌లోనో ఒక గదిలో నలుగురు రూమ్మేట్లుంటే అందులో ఒకడు ఐఈ వాడై ఉండటం మామూలే.

నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే. ఆ దారిన వచ్చినవాళ్ళని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అప్పు చేసి వెళ్ళినవాడు ముందు అప్పు తీర్చే ఉద్యోగం చూసుకుంటాడు, అందులో అనడానికేమీ లేదు. నా బాధల్లా ఒకటే. డిగ్రీ కాగితాన్ని భద్రంగా ఫైల్లో పెట్టుకుని, అందులో చదివిన సరుకుని మాత్రం అక్కడే హాస్టల్ బయట చెత్తకుండీలో పడేసి వస్తున్నాం. తమాషా ఏంటంటే, సాఫ్ట్‌వేరు ఆఫీసుల్లో మనం రోజూ తలలు బాదుకునే సమస్యల్లో సగానికి జవాబులు ఆ సరుకులోనే ఉన్నాయి.

ముందు ఈ చదువు ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త చెప్పుకుందాం. బోరు కొట్టించనులెండి.

దీనికి ఇద్దరు తండ్రులు, ఒక తల్లి. మొదటి తండ్రి ఫ్రెడరిక్ టేలర్. పని జరిగే చోట స్టాప్‌వాచీ పట్టుకు నిలబడి, ఎవరు ఏ పని ఎంతసేపట్లో చేస్తున్నారో కొలిచి, ప్రతి పనికీ ఒక ఉత్తమమైన పద్ధతి ఉంటుందని తేల్చిన మనిషి. 1911లో తన సిద్ధాంతాల పుస్తకం వేశాడు. అదే 1911లో అమెరికా సైన్యానికి చెందిన వాటర్‌టౌన్ ఆయుధాగారంలో, తమ మీద స్టాప్‌వాచీ పెట్టినందుకు మోల్డర్లు పని మానేసి బయటికి నడిచారు. గొడవ అమెరికా కాంగ్రెస్ విచారణ దాకా పోయింది. ఈ చదువుతో పాటే దాని మీద కోపం కూడా పుట్టిందన్నమాట.

రెండో తండ్రి ఫ్రాంక్ గిల్‌బ్రెత్. చదువుకోసం కాలేజీకి పోకుండా తాపీపనిలో చేరినవాడు. ఇటుక పేర్చే మనిషి ఒక్కో ఇటుకకీ నడుం వంచి లేస్తుండటం చూశాడు. ఎత్తు మార్చుకోగల పరంజా ఒకటి కట్టించి, ఇటుకలూ సున్నమూ చేతికందే ఎత్తులో పెట్టించాడు. ఒక్కో ఇటుకకి 18 కదలికలు పట్టేవి ఐదుకి దిగొచ్చాయి. గంటకి 120 ఇటుకల దగ్గర ఉన్న పని 350 దాకా పోయిందని స్వయంగా టేలరే తన పుస్తకంలో రాశాడు.

ఇక తల్లి లిలియన్ గిల్‌బ్రెత్, ఫ్రాంక్ భార్య. పన్నెండు మంది పిల్లల్ని కన్న ఈవిడ 1915లో బ్రౌన్ యూనివర్సిటీ నుంచి సైకాలజీలో పీహెచ్‌డీ తీసుకుంది. 1924లో భర్త పోయాక, ఆడమనిషి మాకు ఇంజనీరింగు సలహా ఇచ్చేదేమిటని చాలా కంపెనీలు మొహం చాటేస్తే, వంటింటి మీద పడింది. పొయ్యి ఎక్కడుండాలి, గట్టు ఎంత ఎత్తుండాలి, ఎన్ని అడుగులు వృథా అవుతున్నాయి అని లెక్కలు కట్టింది. కాలితో తొక్కితే మూత లేచే చెత్తడబ్బా ఉంది చూశారూ, అది ఆవిడ చలవే అంటారు. 1935లో పర్డ్యూలో ప్రొఫెసరయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి టేలర్‌కీ గిల్‌బ్రెత్ దంపతులకీ తేడా చూడండి. "ఈ మనిషి ఎందుకింత నెమ్మది?" అనేది ఒక ప్రశ్న. "ఈ మనిషి ఇన్నిసార్లు ఎందుకు వంగాల్సి వస్తోంది?" అనేది ఇంకో ప్రశ్న. చేతిలో వాచీ ఒకటే. మొదటి ప్రశ్నకి దొరికే జవాబు ఒక మనిషి పేరు. రెండోదానికి దొరికేది ఒక పరంజా. వందేళ్ళు దాటినా మన ఆఫీసుల్లో గొడవంతా ఈ రెండు ప్రశ్నల మధ్యనే నడుస్తోందని నా నమ్మకం.

ఆ తర్వాత ఈ చదువులోకి లెక్కలు వచ్చి చేరాయి. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోను కాల్స్ ఎలా వచ్చిపడతాయో లెక్కగట్టి క్యూయింగ్ థియరీకి పునాది వేశాడు. 1947లో డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. 1961లో జాన్ లిటిల్ తన పేరుమీద ప్రసిద్ధమైన సూత్రాన్ని నిరూపించాడు. ఇందులో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉందండోయ్. 1920లో హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ముగించి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిన సి.ఆర్.రావుగారు 1940ల్లో ఆర్థోగొనల్ అరేల మీద పని చేశారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ విషయం రాబట్టే ఉపాయం అది. జపాన్ ఇంజనీరు టగుచీ క్వాలిటీ పద్ధతుల్లో ఆ అరేలే ప్రధానం. టెస్టింగ్‌లో ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, లక్ష కాంబినేషన్లు ఉన్నచోట కొన్ని డజన్ల టెస్టు కేసులతో గట్టెక్కించే పద్ధతికి కూడా మూలం అక్కడే. రావుగారు 2023లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మనం రోజూ టెస్టు కేసులు రాసుకుంటాం, ఆయన పేరు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

సరే, లిటిల్ సూత్రం దగ్గరికొద్దాం. ఇది ఇంత చిన్నదా అనిపిస్తుంది. క్యూలో ఉన్న జనం సంఖ్య, జనం వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే సమయంతో హెచ్చిస్తే వస్తుంది. అంతే! దీనికి తిరుమల కంటే మంచి ఉదాహరణ మనకి దొరకదు. లెక్క కోసం గంటకి 3,500 మందికి దర్శనం అవుతోందనుకుందాం. సర్వదర్శనానికి 12 గంటలు పడుతోందని మైకులో చెప్పారనుకుందాం. అంటే ఆ క్షణాన వైకుంఠం కాంప్లెక్సు కంపార్టుమెంట్లలోనూ బయట లైన్లలోనూ కలిపి 42,000 మంది ఉన్నట్టే. ఎవరూ తలలు లెక్కపెట్టనక్కర్లేదు.

ఇప్పుడు టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చారనుకోండి. గర్భాలయం ముందు గంటకి వెళ్ళగలిగే జనం పెరిగారా? లేదు, అదే 3,500. వచ్చే జనం తగ్గారా? తగ్గలేదు. మరి ఏం మారింది? ఎదురుచూపు జరిగే చోటు మారింది. కంపార్టుమెంటులో చంటిపిల్లతో కూర్చుని చూసే ఎదురుచూపు, తిరుపతిలో గదిలో నడుం వాల్చి చూసే ఎదురుచూపు అయింది. భక్తుడికి అది చాలా పెద్ద తేడా, కాదనను. కానీ దాన్ని చూసి "క్యూ తగ్గిపోయింది" అనుకుంటే లెక్క తప్పినట్టే. మన ఆఫీసుల్లో కూడా ఇంతే. టికెట్లని "ఓపెన్" నుంచి "ఆన్ హోల్డ్"లోకి తోసి డాష్‌బోర్డు పచ్చగా చేసేవాళ్ళని మీరు చూసే ఉంటారు. :)

రెండో ముక్క ఇంకా ముఖ్యం. మన ఐటీ సర్వీసు కంపెనీలకి యుటిలైజేషన్ అనే మాట భగవన్నామం లాంటిది. కొన్ని కంపెనీలు ప్రతి మూణ్ణెల్లకీ ఫలితాలతో పాటు ఆ శాతం కూడా ప్రకటిస్తాయి. బెంచి మీద మనిషి కనబడితే మేనేజరుకి నిద్ర పట్టదు. మరి క్యూయింగ్ థియరీ మొదటి పాఠం ఏం చెబుతుంది? ఒకడే మనిషి, పనులు అడ్డదిడ్డంగా వస్తుంటాయి, ఒక్కో పనికి పట్టే టైము కూడా అడ్డదిడ్డంగానే ఉంటుంది, సగటున ఒక రోజు పడుతుంది అనుకుందాం. అతను 50 శాతం బిజీగా ఉంటే, కొత్తగా వచ్చిన పని మొదలవడానికి సగటున ఒక రోజు ఆగాలి. 80 శాతం బిజీ అయితే 4 రోజులు. 90 శాతమైతే 9 రోజులు. 95 శాతమైతే 19 రోజులు. మళ్ళీ చూడండి, 90 నుంచి 95కి పెంచింది ఐదు శాతమే, ఎదురుచూపు మాత్రం రెట్టింపు దాటింది. వందకి చేరితే క్యూ పెరుగుతూనే పోతుంది, దానికి అంతుండదు.

హైదరాబాదులో ఆఫీసుకి కారులో వెళ్ళేవాడికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. రోడ్డు నూటికి నూరు శాతం కార్లతో నిండితే దాన్ని మనం పూర్తి వినియోగం అనం, ట్రాఫిక్ జామ్ అంటాం. అదే మనిషి కారు దిగి, లిఫ్టెక్కి, మీటింగు రూములోకి వెళ్ళి "నా టీము వందశాతం యుటిలైజ్డ్" అని గర్వంగా చెబుతాడు. వింతగా లేదూ?

ఈ లెక్కలు పుస్తకంలో చదివినప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఎక్కింది ఒక కోర్సు ప్రాజెక్టులో. మా యూనివర్సిటీ ఊళ్ళోనే ఉన్న ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్ష కోసం వచ్చినవాళ్ళు సగటున 50 నిమిషాలు ఆగాల్సి వస్తోంది. రక్తం తీయడానికి పట్టేది ఆరు నిమిషాలు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు రక్తం తీస్తుంటారు. వాళ్ళు నెమ్మదిగా చేస్తున్నారని అక్కడి పెద్దాయన ఉద్దేశం. స్టాప్‌వాచీలు పెట్టి అది నిరూపించమన్నట్టుగా ఉంది ఆయన ధోరణి. మేం నలుగురం క్లిప్‌బోర్డులు పట్టుకుని బయల్దేరుతుంటే మా ప్రొఫెసరుగారు ఒకటే మాట చెప్పారు. వాచీని వాళ్ళమీద పెట్టకండి, పేషెంటు పేరున్న కాగితం వెనకాల వెళ్ళండి అని.

కాగితం వెనకాల వెళ్తే తెలిసింది. రిజిస్ట్రేషను దగ్గర ఒక ట్రే ఉంది. అక్కడి మనిషికి మాటిమాటికీ లేవడం ఇబ్బందని, పది కాగితాలు పోగయ్యాక లోపలికి తెచ్చి ఇస్తోంది. మొదట వచ్చినవాడి కాగితం, పదోవాడు వచ్చేదాకా ట్రేలో కూర్చుంటుంది. ఆ తర్వాత పదిమందీ ఒక్కసారి మీద పడతారు. దానికి తోడు, పరగడుపున చేయాల్సిన పరీక్షలవాళ్ళూ అక్కర్లేనివాళ్ళూ అందరూ పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది మధ్యనే వస్తున్నారు. ఎందుకంటే పొద్దున్నే రమ్మని అందరికీ ఒకటే చీటీ ఇస్తున్నారు. ఎరీనా అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరులో ఇదంతా నడిపి చూశాం. రక్తం తీసేవాళ్ళని ఇరవై శాతం వేగంగా చేయించినా ఎదురుచూపు పెద్దగా తగ్గలేదు. కాగితం ఒక్కొక్కటిగా పంపించి, పరగడుపు అక్కర్లేనివాళ్ళని పది తర్వాత రమ్మంటే సగానికి పైగా తగ్గింది. వాళ్ళు ఆ రెండు మార్పులూ చేశారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళ మీద ఏ నోటు పడలేదు. మేం చివరిరోజు వెళ్తే అందులో పెద్దావిడ మా నలుగురికీ డోనట్లు తెచ్చి పెట్టింది. ఎందుకో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఇండియా వచ్చేశాక, నేను పనిచేసిన ఒక కంపెనీలో అచ్చం ఇలాంటి సీనే ఎదురైంది. ఆరుగురి సపోర్టు టీము. అందులో ఒక కుర్రాడి సగటు టికెట్ టైము 35 పనిదినాలు. మిగతావాళ్ళది ఏడెనిమిది రోజులు. డాష్‌బోర్డులో అతని పేరు ఎర్రగా మెరుస్తోంది. పిప్‌లో పెట్టాలని నిర్ణయం దాదాపు అయిపోయింది. పిప్ అంటే ఏంటో ఈ వ్యాసం చదివేవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు కదా. ఆ అబ్బాయికి అప్పటికి పెళ్ళయి ఆర్నెల్లు, కొత్తగా ఫ్లాటు ఈఎమ్‌ఐ మొదలైంది.

నేను చేసింది పెద్ద ఘనకార్యమేం కాదు. బోర్డు మీద మూడు అంకెలు రాశాను. అతను వారానికి ఎన్ని టికెట్లు మూస్తున్నాడు? రెండు. మిగతావాళ్ళు? వాళ్ళూ రెండే. మరి అతని పేరుమీద తెరిచున్నవి ఎన్ని? పద్నాలుగు. మిగతావాళ్ళ పేర్లమీద మూడేసి. పద్నాలుగుని రెండుతో భాగిస్తే ఏడు వారాలు, అంటే 35 పనిదినాలు. మూడుని రెండుతో భాగిస్తే వారంన్నర, అంటే ఏడెనిమిది రోజులు. పని వేగం అందరిదీ ఒకటే. తేడా ఉన్నది అతని ముందున్న గుట్టలో. ఆ గుట్ట ఎందుకుందంటే, పాత బిల్లింగ్ మాడ్యూలు తెలిసినవాడు టీములో అతనొక్కడే, దానికి సంబంధించినవన్నీ కళ్ళు మూసుకుని అతనికే తోసేస్తున్నారు. లోకువ అయ్యాడు పాపం.

మేనేజరుగారు రెండు నిమిషాలు బోర్డు వంక చూశారు. మంచి మనిషే, లెక్క వచ్చినవాడే. "ఇది ఎవరూ ఇలా చూపించలేదండీ" అన్నారు. పిప్ ఆగింది. ఇంకో అమ్మాయికి ఆ మాడ్యూలు నేర్పించారు, ఒక్కొక్కరి పేరుమీద ఐదుకి మించి టికెట్లు ఉండకూడదన్నారు. రెండు నెలల్లో అంకెలు సర్దుకున్నాయి. అయితే కథ పూర్తి సుఖాంతం అనుకోకండి. టీము యుటిలైజేషన్ టార్గెట్ 90 దాటాలన్న పైవాళ్ళ ఆర్డరు మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు. అక్కడ కూడా ఇదే బోర్డు, ఇదే లెక్క చూపించాను. విన్నారు, తలూపారు, తర్వాతి క్వార్టరుకి 92 చేశారు.

అందుకే అంటున్నాను, ఈ చదువు పెద్ద మంత్రదండమేం కాదు. కానీ "ఆలస్యం మనిషిలో ఉందా, వ్యవస్థలో ఉందా?" అనే ప్రశ్నని వాదనలోంచి తీసి లెక్కలోకి తేగలదు. మన రంగంలో అలా తేగలిగినవాళ్ళు చాలా తక్కువ. మనం వాడే కాన్బాన్ బోర్డు టయోటాలో తైచీ ఓనో కార్ల కోసం కట్టిన పద్ధతిలోంచి వచ్చింది. డెవాప్స్ వాళ్ళందరూ చదివే 2013 నాటి ఫీనిక్స్ ప్రాజెక్ట్ అనే నవలకి నమూనా, గోల్డ్‌రాట్ 1984లో ఫ్యాక్టరీ మీద రాసిన ది గోల్ అనే నవల. బోర్డులూ రంగు చీటీలూ తెచ్చుకున్నాం. వాటి వెనకున్న లెక్క మాత్రం తెచ్చుకోలేదు.

ఇప్పుడు ఏఐ వచ్చాక ఈ లెక్క ఇంకా అవసరమైంది. కోడు రాయడం వేగమైంది, ఒప్పుకుందాం. కానీ ఆ కోడుని చదివి సరే అనాల్సిన సీనియర్లు అంతమందే ఉన్నారు. టెస్టు ఎన్విరాన్‌మెంట్లు అన్నే ఉన్నాయి. క్లయింటు అప్రూవలు ఇచ్చే మనిషి ఆ ఒక్కడే. ఇరుకు లేని చోట వేగం పెంచితే ఏమవుతుందో ఐఈ రెండో సెమిస్టరు కుర్రాడు కూడా చెబుతాడు. ఇరుకున్న చోట గుట్ట పెరుగుతుంది. అప్పుడు ఆ రివ్యూ చేసే సీనియర్ పేరు డాష్‌బోర్డులో ఎర్రగా మెరవడం మొదలవుతుంది. మళ్ళీ అదే పాత ప్రశ్న, "ఈయన ఎందుకింత నెమ్మది?"

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ చదువు చదివినవాళ్ళందరూ మనిషి పక్షాన ఉంటారనేం లేదు. గోడౌన్లో గంటకి ఎన్ని పెట్టెలు తీయాలో, డెలివరీ కుర్రాడు ఎన్ని నిమిషాల్లో గుమ్మం ముందుండాలో, కాల్‌సెంటర్లో ఎంతమంది చాలో నిర్ణయించేదీ ఈ చదువే. ఎర్లాంగ్ లెక్కలు వాడే చాలా కాల్‌సెంటర్లు షిఫ్టులు వేసుకుంటాయి. కాబట్టి మనకి ఈ లెక్క వచ్చినా రాకపోయినా, మన మీద ఎవరో ఒకరు దాన్ని వాడుతూనే ఉంటారు. వాచీ మన చేతిలో కూడా ఉంటే కనీసం ఎదురు లెక్క చెప్పగలం.

మొన్నీమధ్య మా పిన్నికొడుకు ఫోన్ చేశాడు. మెకానికల్ ఆఖరి సంవత్సరం. "అన్నయ్యా, ఐఈ తీసుకుంటే సాఫ్ట్‌వేరులో పడొచ్చా?" అన్నాడు. నలభై లక్షల దాకా లోను, బాబాయి ఇల్లు తాకట్టు. అందుకని వాడికి చెప్పినవి మీకూ చెబుతున్నా, మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి కుర్రాళ్ళు ఉంటారు కాబట్టి.

ఒకటి, వీసాని నమ్ముకుని చదువు ఎంచుకోకు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము అని ఒక్క ప్రకటనతో వేలమంది నిద్ర పోగొట్టారు. నిబంధనలు నువ్వు విమానం ఎక్కినప్పటికీ దిగినప్పటికీ మధ్యలో కూడా మారగలవు. చదివినది మాత్రం నీతోనే ఉంటుంది.

రెండు, వెళ్తే సరైన కోర్సులు తీసుకో. తేలిగ్గా ఏ గ్రేడు వచ్చే మేనేజ్‌మెంట్ కోర్సులతో ముప్ఫై క్రెడిట్లు నింపేయడం సులువే, చాలామంది చేసేదీ అదే. ఆప్టిమైజేషన్, స్టొకాస్టిక్ ప్రాసెసెస్, సిమ్యులేషన్, డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్, హ్యూమన్ ఫ్యాక్టర్స్, ఈ ఐదూ వదలకు. పైథాన్, ఎస్‌క్యూఎల్ ఎలాగూ పక్కనే నేర్చుకుంటావు. జార్జియా టెక్, పర్డ్యూ, మిషిగన్, విస్కాన్సిన్, పెన్ స్టేట్ లాంటివి పెద్ద పేర్లు. పెన్ స్టేట్‌లో 1909 నుంచీ ఈ డిపార్టుమెంటు ఉంది. అవి రాకపోతే ప్రపంచం మునిగిపోదు. ప్రొఫెసర్లు ఏ ఆస్పత్రితో, ఏ గోడౌనుతో, ఏ ఎయిర్‌లైన్‌తో ప్రాజెక్టులు చేస్తున్నారో చూసుకుని చేరు.

మూడు, అమెరికానే అక్కర్లేదు. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఈ డిపార్టుమెంటు ఉంది, బొంబాయి ఐఐటీలో ఐఈఓఆర్ ఉంది. 1963లో మొదలైన నీటీ 2023లో ఐఐఎమ్ ముంబై అయింది. గేటు రాస్తే అప్పులో చాలా వంతు తప్పుతుంది.

ఇక ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న నా బోంట్లకి కూడా దారి లేకపోలేదు. జార్జియా టెక్ వాళ్ళు 2017లో అనలిటిక్స్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ మొదలుపెట్టారు. మొదలైనప్పుడు మొత్తం ఫీజు పదివేల డాలర్ల లోపు. అందులో వాళ్ళ ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ స్కూలుకీ పాత్ర ఉంది. అంత ఓపిక లేదంటారా? క్యూయింగ్ మీద ఒక మంచి పాఠ్యపుస్తకం, ఒక నెల సాయంత్రాలు చాలు. ఎమ్మెస్ అప్పుడెప్పుడో చేసి మర్చిపోయినవాళ్ళయితే అటక మీదున్న పాత నోట్సు దింపి దుమ్ము దులపండి.

మావాడు అన్నీ విని చివరికి "ఇంతకీ ఉద్యోగం వస్తుందా అన్నయ్యా?" అన్నాడు. వస్తుందనీ రాదనీ నేను హామీ ఇవ్వలేదు. ఈ వారమే ఒక పని చేసి చూడమన్నాను. వాళ్ళూరి గవర్నమెంటు ఆస్పత్రి ఓపీలో ఒక పొద్దుట కూర్చుని, డాక్టరు మీద కాకుండా ఒక ఓపీ చీటీ వెనకాల పడి, అది ఎక్కడెక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో రాసుకురమ్మన్నాను. ఆ కాగితం చూస్తుంటే వాడికి ఆసక్తి పుడితే ఐఈకి అప్లై చేయాలి. విసుగు పుడితే ఆ నలభై లక్షలూ దీని మీద పెట్టనక్కర్లేదు. శనివారం వెళ్తానన్నాడు.